మంచు లేని రోజున బూర

ఏప్రిల్ 9, 1958, బుధవారం

మా ఆయన ఇవాళ కూడా మంచుబూర మోగించాడు. పొగమంచులో ఓడలకి హెచ్చరికగా మోగించాల్సిన బూర అది. మంచు లేదు. ఎదురుగా హారిస్ దీవి కొండలు కనబడుతున్నాయి, వాటి మీది గొర్రెలు కూడా కనబడుతున్నాయంటే అది అబద్ధమేమో గానీ పెద్ద అబద్ధం కాదు.

"మంచు వస్తోంది" అన్నాడు.

ఎక్కడినుంచి అని అడిగాను.

"సముద్రం మీంచి" అన్నాడు. ఈ దీవికి ఏదొచ్చినా సముద్రం మీంచే వస్తుంది కాబట్టి నేనింకేం అనలేదు. దుప్పట్లు ఉతికి ఆరేశాను. మధ్యాహ్నానికల్లా ఫెళఫెళలాడుతూ ఎండాయి.

బూర మోగితే ఇంట్లో ఏ సంగతీ తెమలదు. నిమిషమున్నరకోసారి అరుస్తుంది. అరిచినంతసేపూ నోరు మూసుకుని, ఎదుటివాళ్ల మొహం చూస్తూ నిలబడాలి. ఆగాక వదిలేసిన మాట దగ్గర మళ్లీ అందుకోవాలి. పక్కింటి ఇంగా తన కోడి పొదగడం మానేసిన సంగతి చెప్పడానికి వచ్చింది. మామూలు రోజున అది గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి. ఇవాళ మూడు బూరలు పట్టింది. ఈ దీవిలో ఉన్నదే రెండు కొంపలు, లైట్‌హౌస్‌కి అటొకటి ఇటొకటి. అటు ఇంగా, ఆమె మొగుడు మాగ్నస్, దీపం కాపలాలో మా ఆయనకి సహాయకుడు. ఇటు మేం. మాట్లాడుకోవడానికి వేరే ఎవరున్నారు కనక.

ఆవు కూడా అంతే. బూర మోగితే నమలడం ఆపుతుంది, ఆగాక మళ్లీ మొదలుపెడుతుంది. దానికి ఎవరూ నేర్పలేదు.

ఏప్రిల్ 10

ఎండ. బూర.

ఏప్రిల్ 13, ఆదివారం

పుంజును నిన్న సాయంత్రమే గంప కింద పెట్టేశాను. దేవుడి దినం గడిచేదాకా దానికి పెట్టల జోలి కుదరదు. అది గంపలోంచే తిట్టుకుంటూ ఉంది.

మా వంటింట్లోనే ప్రార్థన. మా ఆయన కీర్తన చదివాడు. అయ్యాక ఇంగా "ఇవాళ మంచి కీర్తన ఎంచారు, మిస్టర్ మెకాస్కిల్" అంది, షాలు సర్దుకుంటూ.

"అవును, ఈ వారంలో దుంపలు నాటేయాలి" అన్నాడు మా ఆయన.

ఇంగా నా వైపు చూసింది. నేను వెంటనే దుంపల గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. ఆదివారం పూట దుంపల గురించి మాట్లాడకూడదని నాకూ తెలుసు. ఏం చెయ్యను మరి.

ఈ మధ్య ఆయనకి పరధ్యానం. యాభై ఎనిమిదేళ్ల మనిషికి పరధ్యానం రాదా? ఇంకో రెండేళ్లలో పింఛను, దాంతోపాటు ఒక ఇల్లు. ఆ రెండేళ్లూ ఉద్యోగం నిలవాలి. నిలవకపోతే ఈ ఇల్లూ పోతుంది, ఆ ఇల్లూ రాదు, మాకు తల దాచుకోవడానికి కోళ్లగూడు కూడా సొంతం కాదు. ఆ గూడు కూడా సర్కారుదే.

ఏప్రిల్ 22

మాగ్నస్ వంటింటి గుమ్మంలోకి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. వాడు టోపీ తీశాడంటే ఫిర్యాదన్నమాట.

"మిసెస్ మెకాస్కిల్, ఒక మాటండీ. నిన్న మీ ఆయన బూర పెట్టారు. నేను బయటికొచ్చి చూశాను. మొహం మాడిపోయింది."

"ఎవరి మొహం?"

"నాదేనండీ. ఎండకి. మంచు ఎక్కడుందో అడుగుదామని వెళ్లి వెనకనుంచి మూడుసార్లు పిలిచాను. పలకలేదు."

"బూర ఇంజను చప్పుడయి ఉంటుంది."

"అప్పటికే ఇంజను ఆపేశారండీ."

"చూడు మాగ్నస్, నువ్వు ఓర్క్నీ దీవుల వాడివి. మీ వాళ్లందరూ గడ్డంలోకి గొణుగుతారు."

"నాకు గడ్డం లేదండీ."

"నేను చెప్పేదీ అదే" అన్నాను. నేను చెప్పేది ఏమిటో నాకే తెలియదు. వాడు మర్యాదస్థుడు కాబట్టి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మే 5, సోమవారం

సామాన్ల ఓడ వచ్చింది. పిండి, దీపం నూనె, ఇంగాకి ఊలు, మా ఆయనకి ఎడింబరాలోని లైట్‌హౌస్ ఆఫీసు నుంచి ఒక కాయితం.

చేపల ఓడ కెప్టెన్ ఎవడో ఫిర్యాదు చేశాడట. నడినెత్తిన సూర్యుడుండగా మా బూర వినబడిందట. తన కళ్లే పోయాయేమోనని హడలిపోయి, ఓడ ఆపేసి, మనుషులందరినీ డెక్కు మీదికి పిలిచి కనబడుతోందా కనబడుతోందా అని అడిగాడట. ఇదేమిటో తేల్చడానికి సూపరింటెండెంటు గిల్‌ఫిలన్ గారు ఇరవై ఎనిమిదో తారీఖున స్వయంగా వస్తున్నారు.

మా ఆయన అంతా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఇత్తడి తోమాలి" అన్నాడు.

మే 6

మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఇత్తడి దీపాలు తోముతున్నాడు. వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. మళ్లీ పిలిచాను. తరవాత బొగ్గుల డబ్బాను నడుమెత్తు నుంచి రాతి నేల మీద వదిలేశాను. పక్కింట్లోంచి ఇంగా పరిగెత్తుకొచ్చింది.

మా ఆయన తోముతూనే ఉన్నాడు. ఎంత శ్రద్ధగా పనిచేస్తాడో.

మే 12, సోమవారం

ఇవాళ నిజం మంచు. వంటింటి కిటికీలోంచి చూస్తే కోళ్లగూడు లేదు. తెల్లారకముందు నుంచీ బూర. అలమరలో కప్పులు గలగలమంటున్నాయి, నేల వణుకు అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా ఎక్కుతోంది. ముప్ఫై ఏళ్లయినా నాకు ఇది అలవాటు కాలేదు. బట్టలు ఆరవు, రొట్టె పొంగదు.

మా ఆయన మాత్రం పండగలా ఉన్నాడు. కాపలా మాగ్నస్‌కి అప్పజెప్పి వచ్చి కూర్చుని, ఇంగాను కూడా పిలిచాడు, టీ అడిగాడు, ఇంకో కప్పు అడిగాడు. ఇంగా వాళ్ల ఊరి పాస్టరు గారి మేక గుడి మెట్లెక్కి ముందు బెంచీలో కూర్చున్న సంగతి చెప్పింది. అది చెప్పడానికి ఆరు బూరలు పట్టింది, ఎందుకంటే మేక వచ్చిన ప్రతిసారీ బూర కూడా వచ్చింది. బూర మోగినప్పుడల్లా మేం ముగ్గురం కప్పులు పట్టుకుని ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ కూర్చున్నాం. సరిగ్గా నవ్వాల్సిన చోట మా ఆయన నవ్వాడు, బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు.

"పాస్టరు గారేమన్నారు?" అని అడిగాడు.

"మిగతా వాళ్ల కంటే అదే నయం, నిద్రపోలేదు అన్నారు" అంది ఇంగా.

మళ్లీ నవ్వాడు. ఒక్క మాట పోలేదు ఆయనకి. నిన్న ఇదే ఇంగా పక్కనే కూర్చుని ఉప్పు అందుకోమంటే కిటికీ తలుపు మూసిన మనిషి.

వాళ్లు వెళ్లాక చాలాసేపు గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను. బూర మోగే రోజున మనం ఎలా మాట్లాడతామో అప్పుడు తట్టింది. ఎదురుగా నిలబడతాం. గట్టిగా అరుస్తాం. ముక్కలు ముక్కలుగా చెబుతాం, తలా తోకా విడిగా. ఎదుటివాళ్లకి చేరిందో లేదో మొహంలో చూసుకుంటాం. మామూలు రోజున ఎవరు అలా మాట్లాడతారు? నేను ఆయనతో పొయ్యికేసి తిరిగి మాట్లాడతాను. ఇంగా అల్లికలోకి మాట్లాడుతుంది. మాగ్నస్ లేని గడ్డంలోకి మాట్లాడతాడు.

కావాలని మోగిస్తున్నాడని కాదు. మా ఆయన అలాంటివాడు కాదు. మంచు వస్తోందనే అనుకుంటున్నాడు.

మే 13

చెవుడు. రాశాను. ఇప్పుడేమయింది.

మే 14

మా ఆయన పైన దీపం అద్దాలు తుడుస్తుండగా ఇంగావాళ్లింటికి వెళ్లి చెప్పేశాను. ఇద్దరికీ ఎప్పుడో తెలుసట. నేను నొచ్చుకుంటానని అనలేదట. బొగ్గుల డబ్బా రోజున ఇంగా ఇంటికి వెళ్లి ఏడ్చిందట. నాకు ఒళ్లు మండిపోయింది. నా మొగుడి సంగతికి నాకంటే ముందు ఏడవడానికి ఆవిడెవరు?

తరవాత టీ ఇచ్చింది. తాగాను.

"ఇరవై ఎనిమిది దాకా మనం ముగ్గురం ఆయనతో బూర మాటలే మాట్లాడదాం" అన్నాను. "ఆయన మనతో బాగా మాట్లాడితే సూపరింటెండెంటుకి అనుమానం రాదు. బూర అవసరమూ ఆయనకి ఉండదు."

మాగ్నస్ కప్పు పక్కన పెట్టాడు. "మిసెస్ మెకాస్కిల్, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. మంచులో ఆయన ఒక్కడే కాపలా ఉన్నప్పుడు, ఏదైనా పడవ రాళ్ల మీదికొచ్చి కేకేస్తే? మా తమ్ముడు పడవ మీదే బతుకుతున్నాడు" అన్నాడు.

నేను ఇంగా కేసి చూశాను, ఇంగా అల్లిక కేసి చూసింది.

"మంచు పూట ఆయన కాపలాలో కూడా నేనే కింద కూర్చుంటాను" అన్నాడు వాడే. "ఇరవై ఎనిమిది దాకా. ఆ తరవాత నా వల్ల కాదండీ. మనిషన్నాక పడుకోవాలి."

"పడుకుని ఊడబొడిచేది ఏముంది, గురకేగా" అంది ఇంగా.

"ఆ గురక వల్లే నువ్వు ఒంటరిగా లేవని తెలుస్తోంది నీకు" అన్నాడు మాగ్నస్. వాడు అంత పెద్ద మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

మే 16

ముందు ఆగకుండా అరిచి చూశాం. అది పోట్లాటలా ఉంది. "ఉప్పందుకో" అని అరిస్తే ఇంగాకి కళ్లనీళ్లొచ్చాయి. బూర ఉన్నట్టే నడమనడమ ఆగి, కాసేపు మొహాలు చూసుకుని, మళ్లీ అరిస్తే మర్యాదగా ఉంది. నోటికి అదే అలవాటు, ఏం చేస్తాం.

మేం ఆగినప్పుడల్లా మా ఆయన కూడా ఆగుతున్నాడు. బూర మోగుతోందనుకుంటున్నాడు, పాపం.

మే 20

ఆరు రోజులుగా మా ఆయన బూర జోలికి పోలేదు. భోజనాల దగ్గర మాట్లాడుతున్నాడు. ఉప్పుచేపలో ఉప్పెక్కువైందన్నాడు. నా వంటకి వంక పెట్టి ఎన్నాళ్లయిందో. పళ్లెంలో ఇంకో చేప వేశాను.

మే 28, బుధవారం

మంచు రావాలని మూడు రోజులు ప్రార్థన చేశాను. ముప్ఫై ఏళ్లుగా మంచును తిట్టినదాన్ని. ఇవాళ తెల్లారి చూస్తే అద్దంలా ఉంది సముద్రం, గాలి లేదు, హారిస్ కొండల మీద ఈసారి నిజంగానే గొర్రెలు కనబడ్డాయి.

గిల్‌ఫిలన్ గారు పొడుగ్గా, సన్నగా ఉన్నారు, మాటకారిలా లేరు. పొద్దున్నంతా మా ఆయనతో దీపం, ఇంజను, నూనె పీపాలు చూశారు. మాగ్నస్ వెంటే ఉండి, ఆయన మాట్లాడినప్పుడల్లా, "అంటే మీరనేది ఏమంటే సార్" అని మా ఆయనకి ఎదురుగా వచ్చి మళ్లీ అరిచాడు. ఇత్తడి చూసి గిల్‌ఫిలన్ గారు తల ఊపారట. ఇత్తడి చూసి తల ఊపని మనిషి ఇంకా పుట్టలేదు.

తరవాత టీ మా ఇంట్లో. స్కోన్ రొట్టెలు చేశాను, జామ్ పెట్టాను.

"ప్రయాణం బాగా జరిగిందా సార్!" అని అరిచాను. ఆగాను. అందరం ఆగాం. ఆయన కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"సముద్రం నిలకడగా ఉందండీ!" అని అరిచింది ఇంగా. ఆగాం.

ఆయన మా నలుగురినీ వరసగా చూశారు. "ఈ స్టేషన్లో ఏమైనా జబ్బు తిరుగుతోందా?"

"లేదు సార్!" అన్నాడు మాగ్నస్.

"మరి అందరూ ఉన్నట్టుండి ఆగిపోతారేం?"

"మర్యాదండీ" అంది ఇంగా.

ఆయన ఇంకో స్కోన్ తీసుకున్నారు. మేం అరుస్తూ, ఆగుతూ, కోళ్ల గురించీ దుంపల గురించీ మాట్లాడాం. మా ఆయన అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పాడు. గండం గడిచినట్టే అనుకున్నాను. అప్పుడు ఆయన లేచి, కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డారు. మేం మాట్లాడాం, ఆగాం, మాట్లాడాం, ఆగాం.

"మీ ఆవు ఆగడం లేదు" అన్నారు.

మేం ముగ్గురం కిటికీ కేసి చూశాం.

"మా నాన్న లైట్‌హౌస్ కీపరు, మిసెస్ మెకాస్కిల్. నేను బూర ఉన్న స్టేషన్లోనే పుట్టాను. బూరకి ఆవులు ఆగుతాయి." కిటికీలోకే చూస్తూ, అదే గొంతుతో అన్నారు: "మిస్టర్ మెకాస్కిల్, మిమ్మల్ని ఇవాళే ఇంటికి పంపించేస్తున్నాను."

మా ఆయన జామ్ గిన్నె ఆయన వీపు వైపు జరిపి, "ఇంకొంచెం వేసుకోండి సార్. మా మర్డీనా చేసింది" అన్నాడు.

నా చేతిలో టీ పాత్ర ఉంది. దాన్ని కింద పెట్టాలని తోచలేదు. ఆ జామ్ గిన్నె, దాన్ని జరిపిన ఆ చెయ్యి, ఆ చిరునవ్వు చూసి నేను చచ్చిపోయినా బాగుండేదనిపించింది.

గిల్‌ఫిలన్ గారు వెనక్కి తిరిగారు. కుర్చీ లాక్కుని మా ఆయనకి మోకాలికి మోకాలు తగిలేలా ఎదురుగా కూర్చున్నారు. పెద్ద గొంతుతో, ముక్కలు ముక్కలుగా, బూర స్టేషన్లో పుట్టినవాడు మాట్లాడినట్టే మాట్లాడారు.

"ఎన్నాళ్లనుంచి?"

ఆగారు. ఎంతసేపు ఆగాలో అంతసేపే ఆగారు.

"మూడేళ్లు సార్" అన్నాడు మా ఆయన.

మూడేళ్లట. నేను 'ఈ మధ్య' అని రాసుకున్నాను.

"మంచు లేనప్పుడు బూర ఎందుకు?"

మా ఆయన ముందు ఇత్తడి కేసి చూశాడు. తరవాత మా ముగ్గురినీ చూశాడు.

"బూర మోగితే వీళ్లు నాతో మాట్లాడతారు సార్. మిగతా రోజుల్లో వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు."

ఇంగా లేచి వెళ్లిపోయింది. మాగ్నస్ కూడా టోపీ తీసి, చెప్పడానికి ఫిర్యాదేమీ లేదు కాబట్టి మళ్లీ పెట్టుకుని, వెళ్లిపోయాడు.

పడవ దగ్గర గిల్‌ఫిలన్ గారు నాతో విడిగా మాట్లాడారు. మంచులో చెవుల్లేని కాపలా కుదరదు, అది దాచడం తన వల్ల కాదు అన్నారు. పడవలో మనుషులుంటారమ్మా అన్నారు. మాగ్నస్ తమ్ముడు గుర్తొచ్చి నేను కాదనలేకపోయాను. అయితే ఆవలి తీరం మీద, ఒక సముద్రపు పాయ చివర, చిన్న దీపం ఒకటుందట. ఒక్కడే కీపరు. ఇల్లుంది. పెరడుంది. ఆ దీపానికి కళ్లుంటే చాలు. పింఛను దాకా అక్కడే ఉండొచ్చు.

మంచివాడు. ఇంతకంటే మంచివాణ్ణి ఎడింబరా పంపలేదు. చేతులు పట్టుకుని దండాలు చెప్పాను.

ఇంటికొచ్చి మా ఆయనకి ఎదురుగా నిలబడి అరిచి చెప్పాను. అంతా విన్నాడు.

"అక్కడ బూర లేదా?" అన్నాడు.

"లేదు!"

"సరేలే" అన్నాడు.

మే 29

మాగ్నస్ ఇవాళ నిద్రపోయాడు. లైట్‌హౌస్‌కి ఇవతలికి కూడా గురక వినబడింది.

జూన్ 30, సోమవారం

ఆవును ఇంగాకి ఇచ్చేశాను. ఏడవకూడదని ఇద్దరం ముందే అనుకున్నాం కాబట్టి ఇద్దరం ముక్కులు చీదుకుంటూ పుంజు గురించి మాట్లాడుకున్నాం.

మేం పడవెక్కాక, ఎండ కళ్లు చెదిరేలా కాస్తుండగా, మాగ్నస్ బూర మోగించాడు. ఒక్కసారే. ఒడ్డు మీద ఇంగా ఆగింది, పడవ వాళ్లు తెడ్లు ఆపారు, పైన గట్టు మీద ఆవు ఆగింది. ఫిర్యాదు చేసేవాళ్లు చేసుకోవచ్చు.

సెప్టెంబరు 21, ఆదివారం

ఇక్కడ గాలి తక్కువ, చెట్లు ఎక్కువ. దేన్ని చూడాలన్నా అడ్డంగా ఒక చెట్టు.

పక్కింటి మిసెస్ డఫ్ నిన్న గోడ మీంచి తల పెట్టి, "మీరిద్దరూ రోజూ పోట్లాడుకుంటారా, తల్లీ?" అని అడిగింది, జాలిగా.

"లేదండీ, మాట్లాడుకుంటున్నాం" అన్నాను.

"మాకు మీ అరుపులు కాదు, మధ్యలో ఆ నిశ్శబ్దమే భయంగా ఉంటోంది" అంది. "ఎవరో ఒకరు పోయారేమో అనిపిస్తోంది."

ఇవాళ పొద్దున జావ కలుపుతూ ఈ సంగతి మా ఆయనకి చెప్పాను. ఎదురుగా నిలబడి అరిచాను, ఆగాను, అరిచాను. సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వాడు. ఆపైన అన్నాడు:

"ఇక్కడ చుట్టుపక్కల ఎక్కడా బూర లేదు, మర్డీనా. ఎందుకు ఆగుతావు?"

"అలవాటు!" అన్నాను. మొహం ఎరుపెక్కే ఉంటుంది.

"ఆ దీవిలో కూడా మోగలేదు. మే నెలలో. సూపరింటెండెంటు వచ్చిన రోజున."

చేతిలో గరిటె ఆగిపోయింది.

"బూర మోగితే నాకు చెవుల్తో పనేముంది? అరికాళ్లకి తెలుస్తుంది. కప్పులు కదుల్తాయి. అవేవీ లేకుండా మీ ముగ్గురూ ఆగుతుంటే, మీకేదో అయిందనుకున్నా ముందు. తరవాత అర్థమయింది. మీరంతా అంత కష్టపడి ఆగుతుంటే నేనొక్కణ్ణీ మాట్లాడితే బాగుండదని ఆగాను."

"మరి చెప్పలేదేం!" అని అరిచాను. ఇది బూర మాట కాదు, ఉత్త అరుపే. మిసెస్ డఫ్‌కి వినబడే ఉంటుంది.

మా ఆయన చెంచా పక్కన పెట్టాడు.

"చెబితే నువ్వు ఆగడం మానేస్తావు కదా. మాట్లాడేటప్పుడు నువ్వు నా చెవి కేసి చూస్తావు, లోపలికి పోయిందా లేదా అని. ఆగినప్పుడు మాత్రం నన్ను చూస్తావు."

నేనేదో అనబోయాను. అప్పటికి సరిగ్గా ఆగాల్సిన వేళ అయింది. ఆగాను. జావ పొంగి పొయ్యి మీద పడింది. పడితే పడింది.